నారు నీళ్లు, కొర్రమీను గుడ్లు

పోయిన ఏడాది ఆరుద్ర కార్తెలో రెండు రాత్రులు వాన దంచికొట్టింది. మూడోనాడు పొద్దున్నే మా ఊరి కుంట దగ్గరికి వెళ్లాను. ఎండాకాలమంతా బర్రెలు మేసిన శిఖం (నీళ్లు తగ్గినప్పుడు బయటపడే కుంట నేల) గడ్డి మీదికి జానెడు లోతు నీళ్లు ఎక్కాయి. తుంగ మధ్యలో ఒకచోట పళ్లెమంత మేర గడ్డిని పక్కకు తోసి ఉంది. అందులో ఆవగింజలంత పసుపు పచ్చ గుడ్లు నీటి మీద పొరలా తేలుతున్నాయి. పక్కనే కొర్రమీను కాపలా. నేను అడుగు వేయగానే తోకతో నీళ్లు కొట్టి మాయమైంది, నిమిషంలో మళ్లీ అక్కడికే వచ్చింది.

ఆ గుడ్లు పగలడానికి ఒక రోజు, మహా అయితే రోజున్నర పడుతుంది. కానీ ఆ మధ్యాహ్నమే నారుమళ్లకని తూము ఎత్తారు. కుంట నీళ్లు వదిలే నీరటి మామ దగ్గరికి పరుగెత్తాను. "మామా, మూడు రోజులు ఆపరాదే?" అంటే, "నారు ఎండితే నువ్వొచ్చి నీళ్లు పోస్తవారా?" అన్నాడు. ఆయన తప్పు లేదు. మాకూ అరెకరం నారు ఉంది.

మర్నాడు వెళ్తే నీళ్లు ఇరవై అడుగులు వెనక్కి పోయాయి. శిఖం పళ్లెంలా ఏటవాలుగా ఉంటుంది కదా, జానెడు తగ్గితే అంచు అంత దూరం జరుగుతుంది. గుడ్లు తుంగ మొదళ్లకు అతుక్కుని, ఎండకు తెల్లగా మారాయి. కాకులు అప్పటికే వాలాయి.

నీళ్లు కొత్తగా ఎక్కిన చోటే చేప గుడ్డు ఎందుకు పెడుతుందని చిన్నప్పుడు బాపును అడిగేవాణ్ణి. మునిగిన గడ్డి, ఎండిన పేడ నానితే అందులో కంటికి కనపడని పురుగు పుడుతుంది. పిల్లకు మొదటి తిండి అదే. పెద్ద చేపలు అంత తక్కువ లోతుకు రావు, పైగా దాక్కోవడానికి గడ్డి ఉంటుంది. అందుకే మొదటి వరద వచ్చాక వారం పాటు బాపు అంచుల్లో వల వేసేవాడు కాదు.

అన్ని చేపలూ ఇలా కాదు. బొచ్చె, రోహు, మృగాల చేపల పొట్టలో గుడ్లు నిండినా, చెరువులో నిలిచిన నీళ్లలో పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి. 1957లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు ఒడిశాలోని అంగుల్‌లో పీయూష గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి ఇలాంటి చేపల చేత గుడ్లు పెట్టించారు. మనం ఇప్పుడు చెరువులో వదిలే పిల్లలు ఆ దారిలో వచ్చినవే. బంగారుతీగ చేప మాత్రం నిలిచిన నీళ్లలోనే నాచుకు, గడ్డికి గుడ్లు అంటిస్తుంది. వాటికి రెండు మూడు రోజులు కావాలి. నీళ్లు దిగితే అవీ పోయినట్టే.

జిలేబీ చేపకు మాత్రం ఈ టెన్షన్ లేదు. తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని తిరుగుతుంది, నీళ్లు ఎటు జరిగితే అటు పోతుంది. మా కుంటలో వల వేస్తే జిలేబీలు గంపల కొద్దీ పడి, కొర్రమీను ఒకటో రెండో రావడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. మా కుంటలోనే అది కరువైపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది.

ఈ ఏడు మా చేపల సంఘం తరఫున నలుగురం వెళ్లి ఆయకట్టు రైతులతో మాట్లాడాం. బోరున్న ఆరుగురు, మొదటి వరదకు నాలుగు రోజులు బోరు నీళ్లతోనే నారు తడుపుకుంటామన్నారు. బోరు లేనివాళ్ల మళ్లకు వాళ్లే నీళ్లిస్తారు. నీరటి మామ వెంటనే ఒప్పుకోలేదు. "గుడ్లు నాకు చూపియ్యి, అప్పుడు ఆపుత" అన్నాడు.

నిన్న తుంగ అంచున వెదురు కర్ర పాతి, జానకో ఎర్ర గీత పెట్టి వచ్చాను. రోహిణి ఎండలు ఇంకా తగ్గలేదు, కర్ర మొదట్లో నేల నెర్రెలు బారి ఉంది. వాన పడిన మర్నాడే మామను అక్కడికి తీసుకెళ్తాను.