పెన్ను ధర, సీసా ధర

సెప్టెంబర్ 6, 2025, శనివారం
ఇర్వింగ్, టెక్సస్

శనివారాలు మా ఫార్మసీలో నేనూ ఒక టెక్నీషియనూ, అంతే. తొమ్మిదింటికి తలుపు తీసేసరికే వాయిస్ మెయిల్ నిండిపోయి ఉంది. సగానికి సగం బరువు తగ్గే సూదుల గురించే. రెండేళ్ల కిందట కూడా ఇవే ఫోన్లు వచ్చేవి కానీ అప్పటి ప్రశ్న వేరు. "వెగోవీ 0.25 వచ్చిందా? ఎప్పుడొస్తుంది? నా పేరు రాసి పెడతారా?" అని అడిగేవాళ్లు. 2023 మేలో కంపెనీవాళ్లే మొదలుపెట్టే మోతాదుల సరఫరా తగ్గించేశారు. మాలాంటి చిన్న షాపుకు హోల్‌సేలర్ దగ్గర్నుంచి ఒక బాక్సు రావడమే గగనంగా ఉండేది. ఇప్పుడు ఫ్రిజ్‌లో వెగోవీ ఉంది, జెప్‌బౌండ్ ఉంది, అన్ని మోతాదులూ ఉన్నాయి. ఇప్పుడందరూ అడిగేది "ఎంత?" అని.

చెప్పగానే "నెలకా?" అంటారు. అవును, నెలకే.

ఇన్సూరెన్స్ లేకపోతే జెప్‌బౌండ్ పెన్నులు, అంటే మందు ముందే నింపి ఉన్న సూదులు, నాలుగు వారాలకు 1,086 డాలర్లు. వెగోవీ అసలు ధర 1,349. ఈ మార్చి నుంచి సొంత డబ్బు పెట్టుకునేవాళ్లకు దాన్ని కంపెనీ 499కి ఇస్తోంది, మా కౌంటర్‌లో కూడా. జెప్‌బౌండ్ సంగతే విడ్డూరం. అదే కంపెనీ అదే మందును చిన్న సీసాల్లో పోసి, తన సొంత వెబ్‌సైట్ ద్వారా మొదటి మోతాదు 349కి, పై మోతాదులు 499కి అమ్ముతుంది. (7.5 మిల్లీగ్రాముల నుంచి పైకి ఆ రేటు కావాలంటే 45 రోజుల్లోపు మళ్లీ కొనాలి. ఊరెళ్లి నాలుగు రోజులు ఆలస్యం చేశారా, అంతే సంగతులు.) ఆ సీసాలు మాలాంటి షాపులకు ఇవ్వరు. కాబట్టి నా వెనక ఫ్రిజ్‌లో ఉన్న మందు కోసం వచ్చిన మనిషితో, "ఇక్కడ కొనకండి, ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి" అని చెప్పడం కూడా నా పనే అయిపోయింది. మా ఓనరుకు ఇది తెలుసు. తెలియనట్టు ఉంటారు.

పదకొండు దాటాక ఒకావిడ వచ్చారు. స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు, బీపీ మాత్రలు మా దగ్గరే తీసుకుంటారు. ముఖం పీక్కుపోయి ఉంది. లంచ్ బాక్స్ పెట్టుకునే సంచీలోంచి ఐస్ ప్యాక్ తీశారు, ఆ తర్వాత పేపర్ టవల్‌లో చుట్టిన రెండు చిన్న సీసాలు తీశారు. మూడు రోజులుగా వాంతులట, నీళ్లు తాగినా నిలవడం లేదట. "ఎప్పుడూ తీసుకునేంతే తీసుకున్నాను. నలభై యూనిట్లు. ఒక్క చుక్క ఎక్కువ లేదు" అన్నారు.

సీసాలు కౌంటర్ మీద నిలబెట్టి లేబుళ్లు చదివాను. రెండింటి మీదా సెమాగ్లూటైడ్ అనే ఉంది, వెగోవీలో ఉండే మందే. మొదటిది నీళ్లలా తెల్లగా ఉంది, మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు. రెండోది లేత గులాబీ రంగులో ఉంది. వేరే రాష్ట్రంలోని వేరే ఫార్మసీ నుంచి వచ్చింది, బీ12 విటమిన్ కలిపారు, ఆ రంగు దానిదే. దాని మీద చిన్న అక్షరాల్లో మిల్లీలీటరుకు 5 అని ఉంది. ఇన్సులిన్ సిరంజిలో వంద యూనిట్లంటే ఒక మిల్లీలీటరు. నలభై యూనిట్లంటే మొదటి సీసాలో ఒక మిల్లీగ్రాము, రెండో సీసాలో రెండు. పాపం ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, నలభై యూనిట్లే తీసుకున్నారు.

పెన్నుతో ఈ బెడద లేదు, నొక్కితే లోపలున్న మోతాదు దిగుతుంది. కంపెనీ సీసా అయినా ఒక సీసా ఒక మోతాదే, ఉన్నదంతా లాగేయడమే. కాంపౌండింగ్ ఫార్మసీ, అంటే మందును తామే కలిపి ఇచ్చేవాళ్ల సీసాలో వారాల తరబడి సరిపడే మందు ఉంటుంది. అందులోంచి ఎంత తీయాలన్న లెక్క, కళ్లజోడు వెతుక్కుంటూ ఇంట్లో కూర్చున్న మనిషి మీద పడింది. చెప్పినదానికి ఐదు నుంచి ఇరవై రెట్లు ఎక్కించుకున్నవాళ్లు కూడా ఉన్నారని 2024 జులైలోనే ఎఫ్‌డీఏ (ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ) హెచ్చరించింది. మా అమ్మమ్మ చెప్పేది, వాళ్ల ఊరి డాక్టరు దగ్గర కాంపౌండరు ఎర్ర మిక్చరు సీసాకు కాగితం పట్టీని మెట్లు మెట్లుగా కత్తిరించి అతికించేవాడట, పూటకో మెట్టు. అక్షరం రానివాళ్లు కూడా తప్పు తాగే వీల్లేదు. ఈ గులాబీ సీసా పంపినవాళ్లకు ఆ పాటి ఆలోచన కూడా లేకపోయింది.

ఆవిడకు ఆ మందు రాసిన ఆన్‌లైన్ క్లినిక్ నంబరుకు ఫోన్ చేశాను. చాట్‌లో రాయమని రికార్డింగు. ఆవిడ కూతురికి ఫోన్ చేసి వెంటనే అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్లమన్నాను, ఆ వయసులో మూడు రోజులు నీళ్లు నిలవకపోతే కిడ్నీల మీద పడుతుంది. వచ్చే వారం సూది వద్దన్నాను. వాళ్లు వెళ్లాక ఎఫ్‌డీఏ మెడ్‌వాచ్ ఫారం నింపాను, మందులతో వచ్చిన ఇబ్బందులు తెలిపేది. ఆ మందు కలిపిన ఫార్మసీ ఇలాంటివి ఎఫ్‌డీఏకు చెప్పి తీరాలన్న రూలు లేదు. ఎవరి మందు చీటీ మీద వాళ్లకు కలిపిచ్చే ఫార్మసీలకు ఆ బాధ్యత పెట్టలేదు. కాబట్టి చూసినవాళ్లే రాయాలి.

అక్కడెందుకు కొన్నారని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసు. ఆవిడది మెడికేర్, పెద్దవయసువాళ్లకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్. బరువు తగ్గే మందులకు మెడికేర్ డబ్బులివ్వకూడదని 2003 చట్టంలోనే రాసిపెట్టారు. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు పాతిక డాలర్లకే మందు వచ్చేలా కంపెనీ ఇచ్చే కూపన్లు మెడికేర్‌వాళ్లకు చెల్లవు. సోషల్ సెక్యూరిటీ పెన్షను మీద బతికే మనిషి నెలకు ఐదొందలైనా ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆన్‌లైన్‌లో రెండొందలకు సీసా, సిరంజిలతో సహా గుమ్మంలోకి వచ్చి పడింది.

అసలు ఆ రెండొందల సీసా పుట్టిందే కొరతలో. మార్కెట్లో ఉన్న మందుకు నకలు కలిపి అమ్మడానికి ఇక్కడి కాంపౌండింగ్ ఫార్మసీలకు మామూలుగా వీల్లేదు. ఎఫ్‌డీఏ కొరత జాబితాలో ఆ మందు పేరు ఉంటే మాత్రం కలపొచ్చు. సెమాగ్లూటైడ్, జెప్‌బౌండ్‌లో ఉండే టిర్జెపటైడ్ రెండూ 2022లో ఆ జాబితాకెక్కాయి. దాంతో పెన్ను ఎక్కడా దొరకని రోజుల్లో సీసా చౌకగా దొరికింది. 2024 డిసెంబర్‌లో టిర్జెపటైడ్‌కు, ఈ ఫిబ్రవరిలో సెమాగ్లూటైడ్‌కు కొరత తీరిందని ఎఫ్‌డీఏ ప్రకటించింది. కలిపేవాళ్లు మా పక్కనే ఫోర్ట్‌వర్త్ కోర్టుకు వెళ్లారు, అక్కడ చుక్కెదురైంది. మే నెలాఖరుకు, కలపడం ఆపడానికి ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి. ఇప్పుడు పెన్ను ఎక్కడ చూసినా ఉంది, చౌక సీసానే లేకుండా పోయింది. కొరత తీరిందని సంతోషపడాల్సినవాళ్లే మా కౌంటర్ దగ్గర నిలబడి "మళ్లీ కొరత ఎప్పుడొస్తుంది?" అని అడుగుతున్నారు. ఒకాయన నిజంగానే అడిగాడు, జోకు కాదు.

లేకుండా పోయిందంటే పూర్తిగానూ కాదు. రోగికి ప్రత్యేకంగా అవసరమని డాక్టర్ రాస్తే ఇప్పటికీ కలపొచ్చు. అందుకే ఈ బీ12లు. అది కలిస్తే "అచ్చం నకలు కాదు, వ్యక్తిగత మందు" అనొచ్చట. నా మటుకు నాకు, ఆ బీ12 అవసరం రోగి ఒంటికన్నా కాగితానికే ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. వరంగల్‌లో నాతో ఫార్మ్‌డీ చదివిన నా ఫ్రెండు హ్యూస్టన్‌లో ఒక కాంపౌండింగ్ ఫార్మసీలో పనిచేస్తుంది. ఈ మాట దానితో అంటే కస్సుమంటుంది. "గౌనేసుకుని, రెండు జతల గ్లోవ్స్ తొడుక్కుని, హుడ్ కింద చేతులు పెట్టి గంటలు గంటలు నిలబడేది మేము. మమ్మల్నీ ఆ వెబ్‌సైట్లవాళ్లనీ ఒకే గాటన కట్టకు" అంటుంది. దాని మాటా నిజమే. కాంపౌండింగ్ లేకపోతే ఐసీయూ పసిపిల్లలకు సరిపడే మోతాదులు ఎవరు కలుపుతారు? అయితే 2012లో మసాచుసెట్స్‌లో ఒక కాంపౌండింగ్ సెంటర్ ఇంజెక్షన్లలో ఫంగస్ చేరి, మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) 60 మందికి పైగా చనిపోయిన సంగతి మా ఇద్దరికీ గుర్తే. పెద్ద ఎత్తున కలిపేవాళ్ల కోసం 2013లో కొత్త చట్టం వచ్చిందే ఆ దెబ్బతో.

మధ్యాహ్నం మూడింటికి మన కుర్రాడొకడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్, కరీంనగర్. ప్రీడయాబెటిస్ ఉంది. షుగర్ ఇంకా రాలేదు కాబట్టి ఇన్సూరెన్స్‌వాళ్లు మౌంజారో (జెప్‌బౌండ్‌లోని మందే, షుగర్‌కు ఈ పేరుతో అమ్ముతారు) ఇవ్వరు, కంపెనీ ప్లాన్‌లో బరువు మందులు లేవు కాబట్టి జెప్‌బౌండ్ ఇవ్వరు. రెండు రిజెక్షన్లూ నేనే చూపించాను.

"అక్కా, మా అత్తమ్మ దసరా అయినంక వస్తోంది. హైదరాబాద్‌ల మౌంజారో సీసా మూడు వేల ఐదు వందలే. నాలుగు తెప్పిస్తే పద్నాలుగు వేలు" అని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చూపించాడు. నూట అరవై డాలర్లు కూడా దాటలేదు. ఇక్కడ కంపెనీ వెబ్‌సైట్ ధరలో సగం కన్నా తక్కువ.

"వద్దు తమ్ముడూ. చట్టం ఒప్పుకోదు. ఫ్రిజ్ బయట 30 డిగ్రీల లోపల ఇరవై ఒక్క రోజులే ఉంటుంది. చెకిన్ బ్యాగ్‌లో ఏమవుతుందో, కస్టమ్స్‌లో ఎంతసేపు ఎండలో పెడతారో ఎవరికి తెలుసు? పెద్దావిడని ఇరికించకు" అన్నాను. ఇవన్నీ నిజాలే. అయినా "పైసల సంగతి చెప్పక్కా, నా లెక్క తప్పా?" అంటే నా దగ్గర జవాబు లేదు. లెక్క కరెక్టే. డాక్టరుతో మాట్లాడి మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) సంగతి అడగమన్నాను. అది మా దగ్గర నాలుగు డాలర్లు. మొహం మాడ్చుకుని వెళ్లాడు.

నాలుగింటికి ఓనరు ఫోన్. జెప్‌బౌండ్ స్టాక్ తగ్గించమని. ఆయన బాధ ఆయనది. బయటివాళ్లు వెయ్యి డాలర్ల మందులో మాకెంతో మిగులుతుందనుకుంటారు. ఇన్సూరెన్స్ తరఫున మందుల బిల్లులు చూసే మధ్యవర్తి కంపెనీలున్నాయి, మూడు పెద్దవే దేశంలో ఐదింట నాలుగు వంతుల చీటీలు చూస్తాయి. మేం హోల్‌సేలర్‌కు కట్టినదానికన్నా వాళ్లు మాకిచ్చేది చాలాసార్లు తక్కువే. ఒక్కో బాక్సు మీద ఎదురు ఇరవై, ముప్పై డాలర్లు పోతాయి. అమ్మేకొద్దీ నష్టం. అందుకే కొన్ని చిన్న షాపులు ఈ మందులు పెట్టడమే మానేశాయి. అక్కడికి వెళ్లినవాళ్లకు "స్టాక్ లేదు" అన్న మాటే వినిపిస్తుంది, కొరత ఇంకా ఉందనుకుని వెళ్లిపోతారు.

రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. హన్మకొండలో అప్పటికి ఆదివారం పొద్దున. కాలనీలో ఎవరికో ఈ సూదులతో ఎనిమిది కిలోలు తగ్గిందట, నాకెందుకు రాయించవని నిష్టూరం. మోకాళ్ల నొప్పులకు ముందు నడవమ్మా అంటే వినదు. వచ్చే మార్చిలో మన దగ్గర సెమాగ్లూటైడ్ పేటెంట్ అయిపోతుంది, హైదరాబాద్ కంపెనీలే చేస్తాయి, అప్పుడు డాక్టరుని అడుగుదాంలే అన్నాను. డాక్టర్ రెడ్డీస్ కంపెనీవాళ్లు ఎనభైకి పైగా దేశాల్లో అమ్ముతామంటున్నారు. ఆ దేశాల్లో అమెరికా లేదు, ఇక్కడ పేటెంట్ 2032 దాకా ఉంది.

ఆ ఫోన్ పెట్టేశాక బస్సు ఆవిడ కూతురికి మెసేజ్ చేశాను. సెలైన్ ఎక్కించి ఇంటికి పంపారట, ఇప్పుడు మెషిన్ పెట్టుకుని పడుకున్నారని రాసింది. ఏం మెషిన్ అని అడిగాను. సీపాప్, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపేది. మూడేళ్లుగా స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) ఉందట. మా రికార్డుల్లో ఆ మాటే లేదు, మాత్రలిచ్చే రోగం కాదు కదా.

నిద్ర పట్టలేదు, లేచి లాప్‌టాప్ తెరిచాను. ఊబకాయంతో పాటు స్లీప్ ఆప్నియా ఒక మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నవాళ్లకు జెప్‌బౌండ్‌ను 2024 డిసెంబర్‌లో ఆమోదించారు. బరువు కోసమంటే మెడికేర్ ఇవ్వదు కానీ, ఆప్నియా కోసమంటే ఆవిడ డ్రగ్ ప్లాన్ ఇవ్వొచ్చు. ఈ ఏడాది నుంచి ప్లాన్‌లోని మందులన్నింటికీ కలిపి ఆవిడ చేతి నుంచి ఏడాదికి 2,000 డాలర్లు మించి పెట్టక్కర్లేదు. స్లీప్ స్టడీ రిపోర్టు ఎక్కడ చేయించారో వెతకమని కూతురికి చెప్పాను. ప్రయర్ ఆథరైజేషన్ ఫారంలో, అంటే మందుకు ప్లాన్‌వాళ్ల అనుమతి ముందే అడిగే కాగితంలో, నాకు తెలిసిన గడులన్నీ నింపి పెట్టాను, సోమవారం ఎనిమిదింటికి డాక్టరు ఆఫీసుకు ఫ్యాక్స్ కొట్టాలి. మొదటిసారి రిజెక్ట్ చేస్తారు, అది మామూలే, అప్పీలు వేయొచ్చు. అప్రూవ్ అయితే ప్రతి నెలా ఆ బాక్సు మీద మాకు నష్టం. జెప్‌బౌండ్ 2.5 మిల్లీగ్రాముల పెన్నులు ఒక బాక్సు ఆర్డర్‌లో ఉంచాను, ఓనరుకు ఏదో ఒకటి చెప్పుకుంటాను.