బావే కదమ్మా, చేసుకో అన్నారు

నిన్న సాయంత్రం ఫ్యామిలీ కోర్టు మధ్యంతర ఉత్తర్వు కాపీ చేతికొచ్చింది. అక్క కూతురు ప్రస్తుతానికి నా దగ్గరే ఉంటుంది. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

అక్క పోయి రెండేళ్లు. పాపకు ఏడేళ్లు. నేనూ అమ్మా కంచరపాలెంలో ఉంటాం, బావ వైజాగ్‌కి ఆ చివర, ఫ్యాక్టరీల వైపు. తాగుతాడని తెలుసు, పాప మీద చెయ్యి చేసుకుంటాడని అనుకోలేదు. ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ల పక్కింటావిడ ఫోన్ చేసింది. "మీ గుంటని రాత్రి బెల్టుతో చావబాదాడమ్మా. బయట గొళ్లెం పెట్టి పోయాడు." నేను వెళ్లి తలుపు తీసేసరికి పాప మంచం కింద ఉంది. వీపు చూశాను. ఏం చూశానో రాయను.

ఆటోలో నేరుగా పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాను.

రైటర్ అడిగిన మొదటి మాట, "ఏటమ్మా, తండ్రికి చెప్పే తెచ్చావా?" లేదన్నాను. "మరిది కిడ్నాప్ కాదా?" వీపు చూపిస్తానంటే చూడలేదు. ఏ తండ్రి కొట్టడన్నాడు. మీది కంచరపాలెం కదా, అక్కడికెళ్లి ఇచ్చుకోమన్నాడు. కొట్టింది ఇక్కడే కదండీ అంటే, ఎస్సైగారు బందోబస్తు నుంచి రావాలన్నాడు. రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాం. పాప నా చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. (ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమనండి, అంటే ముందు కేసు రాసుకుని తర్వాత సరైన స్టేషన్‌కు పంపడం. ఆ రోజు నాకా మాట తెలియదు.)

బావకు వాళ్లే ఫోన్ చేసి పిలిచారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని వచ్చాడు. అతనికి కుర్చీ వేశారు. ప్రశ్నలు మాత్రం నాకు. జీతమెంత, అక్క పేరున స్థలమేమైనా ఉందా, పిల్ల మీద ఇంత ప్రేమ ఇప్పుడెందుకు పుట్టింది. ఆఖర్న ఒక పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి, "నీకింకా పెళ్లి కాలేదంటున్నావు. బావే కదమ్మా, చేసుకో. గుంటకి తల్లి దొరుకుతాది, మాకు కేసు తప్పుతాది" అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా తల దించుకుని నవ్వాడు. ఇరవై తొమ్మిదేళ్లలో నాకంత అవమానం ఎప్పుడూ జరగలేదు. పాప ఒక్కతే నవ్వలేదు. "పిన్నీ, నువ్వు మాయింటికి రాకు, నిన్నూ కొడతాడు" అంది.

అప్పటికీ వాళ్ల మాట ఒకటే, ఇవాళ తండ్రితో పంపించెయ్, రేపు పెద్దల్లో కూర్చుని తేల్చుకోండి.

వరండాలోకొచ్చి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులు పడవు. గంటన్నరలో ఇద్దరు వచ్చారు. అంతవరకూ మూసి ఉన్న పుస్తకం అప్పుడు తెరుచుకుంది. బాలల న్యాయ చట్టం, 2015, సెక్షన్ 75: పిల్లను చూసుకోవాల్సినవాడే హింసిస్తే మూడేళ్ల వరకూ జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. వచ్చినాయన ఇది నెమ్మదిగా చెబుతుంటే, నాకు సంబంధం చూసిన పెద్దాయన మంచినీళ్లకని లేచి వెళ్లిపోయాడు. నా కడుపు చల్లబడింది. దాచడమెందుకు!

తర్వాతవి తేలిగ్గానే జరిగాయి. ఇలాంటి పిల్లల్ని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. ఆదివారం కమిటీ కూర్చోదు కాబట్టి ఒక సభ్యురాలి దగ్గరికి తీసుకెళ్లారు. ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో వైద్య పరీక్ష అయింది. పాప మూడు రాత్రులు బాలికల హోంలో ఉంది, ఆ మూడు రాత్రులూ అమ్మ సరిగా అన్నం తినలేదు. ఒకరు మా ఇంటికొచ్చి చూసి వెళ్లాక మంగళవారం పాపను తాత్కాలికంగా నాకు అప్పగించారు.

అది గట్టిపడాలంటే కోర్టుకెళ్లాలి. మొదట పట్టుకున్న ప్లీడరుగారు పదివేలు తీసుకుని, "తండ్రి ఉండగా పిన్నికేం హక్కమ్మా" అంటూ నెల్లాళ్లు ఫైలు మీద కూర్చున్నారు. డబ్బు వెనక్కి రాలేదు. మీరు మాత్రం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. నాకొచ్చిన లాయరమ్మ, తండ్రి సహజ సంరక్షకుడే గానీ 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 13 ప్రకారం బిడ్డ క్షేమం అన్నిటికంటే ముందని చెప్పి, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేసింది. దాంతోపాటే ఆ 1890 చట్టం సెక్షన్ 12 కింద మధ్యంతర కస్టడీ అడిగింది. జడ్జిగారు పాపను ఛాంబర్లోకి పిలిచి మాట్లాడారు. ఏమడిగారే అంటే "బిస్కెట్ ఇచ్చారు" అంది.

దెబ్బల ఫొటోలు ఆ రోజే తీసుకోండి. ముందు 1098, ఆ తర్వాతే స్టేషన్. నేను తలకిందులుగా చేశాను. పక్కింటావిడ కూడా చివరికి సాక్ష్యానికి రానంది, ఆవిడ ఇల్లు ఆవిడది.

వచ్చే నెల మళ్లీ వాయిదా. సెలవు అడిగితే మేనేజరు ఎందుకన్నాడు. పెళ్లిచూపులన్నాను. వెంటనే సంతకం పెట్టాడు.