ఊపిరి లెక్కపెట్టిన రాత్రులు

వినాయక చవితి వెళ్లిన మూడో రోజు, ఎనిమిదేళ్ల మా అమ్మాయి బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచి గుమ్మంలో వదిలేసి, యూనిఫాం కూడా మార్చుకోకుండా పడుకుంది. నుదురు మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. కాళ్లు లాగేస్తున్నాయని ఏడ్చింది. పండుగకు వచ్చిన బంధువుల్లో ఒకరు ఆ రెండు రోజులూ దగ్గుతూనే ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది. మామూలు జలుబు ముక్కు దగ్గర మొదలై మెల్లగా ముదురుతుంది. ఇది ఒక్క పూటలో పిల్లను పడేసింది. మర్నాడు మధ్యాహ్నానికి మూడున్నరేళ్ల బాబుకు కూడా 103 డిగ్రీలు వచ్చింది.

పిల్లల డాక్టరు ఇద్దరినీ చూసి ఇది ఫ్లూ అన్నారు. వైరస్ వల్ల వచ్చేది కాబట్టి ఇప్పుడు యాంటీబయాటిక్‌తో పని లేదని చెప్పి, బాబు చొక్కా పైకెత్తి నాకు ఒక విషయం నేర్పించారు. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. ఏడాది దాటి ఐదేళ్లలోపు పిల్లలకు అది 40కి చేరినా, దాటినా వేగంగా ఉన్నట్టే. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడితే, పెదవులు నీలంగా మారితే, బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉంటే, తాగడం మానేస్తే ఇంట్లో ఉండకూడదు. ఆ నాలుగు మాటలు నేను గోడ మీద క్యాలెండర్ వెనక రాసుకున్నాను.

ఆ రాత్రే నా చేతిలో తప్పు జరగబోయింది. బాబు బరువు 14 కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసిటమాల్ 210 మిల్లీగ్రాములు. ఇంట్లో ఉండే సీసాతో అయితే 8 మిల్లీలీటర్లు పోయడం నాకు అలవాటు. రాత్రి పదకొండుకు వాడు వణుకుతూ లేస్తే, మా ఆయన సాయంత్రం తెచ్చిన కొత్త సీసా తీసి గీతల మూతలో 8 వరకు పోసేశాను. వాడి పెదవి దాకా తీసుకెళ్లాక ఎందుకో ఆగి, సీసాను దీపం కింద పెట్టి చూశాను. 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు అని ఉంది. మా పాతది 125. రంగు ఒకటే, వాసన ఒకటే, మందు రెట్టింపు. నా చెయ్యి వణికింది. వెనక్కి పోసి, 4 మిల్లీలీటర్లు కొలిచి పట్టాను. అప్పటి నుంచి మందు పట్టిన ప్రతిసారీ టైము, కొలత నోటుపుస్తకంలో రాశాము. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు, రోజు మొత్తానికి నాలుగుసార్లకు మించకుండా. ఇంట్లో ఇద్దరు మనుషులు మందు పడుతున్నప్పుడు ఆ పుస్తకమే కాపలా.

దగ్గు మందు మాత్రం కొనలేదు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి చిన్నారులు పోయిన వార్త నా మనసులో నుంచి పోలేదు. రెండేళ్లలోపు పిల్లలకు జలుబు, దగ్గు మందులు రాయవద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు చెప్పింది. పడుకోబోయే ముందు అర చెంచా తేనె నాకించాను. తేనె ఏడాది నిండని పిల్లలకు పెట్టకూడదు, మావాళ్లు పెద్దవాళ్లు కాబట్టి సరిపోయింది. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు వేశాను.

అత్తయ్య మరిగే నీళ్ల గిన్నె తెచ్చి దుప్పటి కప్పబోయారు. "అత్తయ్యా, వాడు కాలు ఆడిస్తే ఒళ్లంతా కాలుతుంది, వద్దండీ" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి గిన్నె తీసుకెళ్లిపోయారు. నొచ్చుకున్నారేమో అనుకున్నాను. పది నిమిషాల్లో రాగి జావ కాచి, వాడు పసివాడిగా ఉన్నప్పటి వెండి ఉగ్గుగిన్నెలో పోసి తెచ్చారు. గ్లాసు చూస్తే మొహం తిప్పుకునే పిల్లవాడు ఆ చిన్న గిన్నె మూతికి నోరు తెరిచాడు. జావ, మిరియాల చారు వంపిన మెత్తటి అన్నం, కొబ్బరి నీళ్లు, అన్నీ దాంతోనే. ఎన్నిసార్లు ఒంటికి పోశాడో ఆవిడే లెక్క ఉంచారు. నేను కూడా జ్వరంతో పడిపోయిన రెండు రోజులు ఇల్లు ఆవిడ చేతుల మీదే నడిచింది.

ఐదో రోజుకు అమ్మాయి లేచి తిరిగింది. బాబుకు కూడా జ్వరం తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను. ఏడో రోజు సాయంత్రం మళ్లీ 102. మందు పట్టి, జ్వరం దిగి, వాడు నిద్రపోయాక పక్కన కూర్చుని లెక్కపెట్టాను. 48. మళ్లీ పెట్టాను. 47. మొదటి రాత్రి జ్వరంలో 44 ఉన్నది, వేడి దిగాక 32కు వచ్చింది. ఇప్పుడు దిగలేదు. డొక్కలో గుంట లేదు, కానీ ముక్కు పుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తెల్లవారే దాకా ఆగకుండా ఆటోలో బయలుదేరాము.

న్యుమోనియా మొదలైందన్నారు. ఫ్లూ తగ్గుతున్న ఒంటిలోకి బాక్టీరియా చేరిందట. ఆక్సిజన్ బాగానే ఉంది కాబట్టి చేర్చుకోలేదు. ఈసారి యాంటీబయాటిక్ రాశారు, ఐదు రోజులు అమాక్సిసిలిన్. "మొదటి రోజే ఇచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు" అని బంధువులు ఫోను చేసిన ప్రతిసారీ అన్నారు. మొదటి రోజు ఉన్నది వైరస్, దాని మీద ఆ మందు పని చేయదు. మా డాక్టరు రెండుసార్లూ సరిగ్గానే చేశారని నా నమ్మకం. తప్పు ఏదైనా ఉంటే మాదే. ఆరు నెలలు నిండిన దగ్గర నుంచి ఏటా వేయించుకోగలిగిన ఫ్లూ టీకా మేము వేయించలేదు. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు వేస్తారు. ఇద్దరికీ తేదీ తీసుకున్నాము.

యాంటీబయాటిక్ మొదలుపెట్టిన మూడో రోజు రాత్రి వంటింట్లో ఉండగా అమ్మాయి పిలిచింది. వాళ్ల నాన్న గడియారం చేతికి పెట్టుకుని, తమ్ముడి పొట్ట మీద కళ్లు నిలిపి కూర్చుంది. ఒక వేలు పెదవుల మీద పెట్టుకుని నన్ను ఆగమంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఇరవై ఆరు, అమ్మా" అంది.