గుటక

మొక్కు తీరి రెండు రోజులే అయింది. పిక్కల నొప్పులు ఇంకా తగ్గలేదు. అయినా ఆ చప్పుడు చెవిలో ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

పోయిన వేసవిలో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా దారికొచ్చాయి గానీ గొంతు రాలేదు. ఏది మింగబోయినా పొలమారేది. ముక్కులో గొట్టం వేసి పాలూ జావా పోసేవాళ్ళం. తిండి దగ్గర వంక పెట్టకుండా లేవని మనిషి ఆయన. చారులో ఉప్పు రవ్వంత తగ్గినా విస్తరి ముందు నుంచే కేక వేసేవాడు. అలాంటి మనిషి నాలుకకి రెండు నెలల పాటు ఏ రుచీ తగల్లేదు. ఒకరోజు నేను సిరంజితో జావ ఎక్కిస్తుంటే, ఆయన చూపంతా తమ్ముడి కంచంలోని ఆవకాయ ముద్ద మీదే ఉంది. వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని అనుకున్నాను: "పానకాల స్వామీ! మా నాన్న గొంతులో గుటక దిగితే నీ గొంతులో బిందెడు పానకం పోయిస్తా. మెట్లెక్కి వస్తా."

మా తెనాలి నుంచి మంగళగిరి ఎంత దూరమని. చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. అందుకే ఆ దేవుడే నోటికొచ్చాడు. పైగా మింగే దేవుడాయె.

గొట్టం తీశారు. చిక్కటి జావ, మెత్తటి అన్నం అయ్యాక చెంచాతో నీళ్ళు పట్టొచ్చన్నారు. పలచటివే ఎక్కువ ప్రమాదమట, దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయట. గడ్డం ఛాతీ వైపు వంచి, కొంచెం కొంచెంగా మింగించాలని మరీ మరీ చెప్పారు. నీళ్ళ దాకా వచ్చాడు కదా, ఇక మొక్కు బాకీ ఉంచకూడదని అమ్మ తొందర పెట్టింది.

నాన్ననీ అమ్మనీ తమ్ముడు కారులో ఘాట్ రోడ్డున తీసుకెళ్ళాడు. నేను కింద లక్ష్మీనరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని మెట్లు పట్టాను. వెనక్కి తిరిగి చూస్తే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించిన గాలిగోపురం, పదకొండు అంతస్తులు, నూట యాభై మూడు అడుగులు. సగం ఎక్కాక దాని శిఖరం నా కళ్ళకి సమానంగా కనబడుతుంటే భలే గర్వమేసింది. ఆ గర్వం ఇంకో పాతిక మెట్లకే దిగిపోయింది. ఈ మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు కట్టించారు. అంతకుముందు రాళ్ళూ ముళ్ళ మధ్య ఎక్కినవాళ్ళని తలుచుకుని, నోరు మూసుకుని ఎక్కాను.

పైన జనం గురించి చెప్పకుండా ఉండలేను. మధ్యాహ్నం దాటాక గుడి మూసేస్తారు, రాత్రి దేవతలు వచ్చి స్వామిని కొలుచుకుంటారని. ఆ వేళకి ముందే పని కానివ్వాలని అందరికీ ఆత్రమే. కాదనను. కానీ కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషిని మోచేత్తో తోసి ముందుకు పోవడం ఏం భక్తి? ఒకాయన వరసలో నిలబడి ఫోన్లో స్థలం బేరం ఆడుతున్నాడు. గజాల లెక్కలు విన్న చెవులతోనే గోవింద నామం వినాల్సొచ్చింది. నేల మీద ఒలికిన పానకానికి అరికాళ్ళు అతుక్కుపోతున్నాయి. ఇంత బెల్లం ఒలికినా ఇక్కడ చీమ చేరదంటారు కదా, నేనూ వంగి మూలమూలలా వెతికాను. నాకైతే ఒక్కటీ కనబడలేదు.

అక్కడ నిండు విగ్రహం ఉండదు. రాతిలో తెరుచుకున్న నోరు, దాని చుట్టూ లోహపు తొడుగు. నముచి అనే రాక్షసుణ్ణి చంపిన ఉగ్రం చల్లారడానికి కృతయుగంలో అమృతం, త్రేతలో నెయ్యి, ద్వాపరంలో పాలు తాగాడు. మన కలియుగం వంతుకి బెల్లం, మిరియాలు, ఏలకులు. మా వంతు వచ్చింది. పూజారి గారు శంఖంతో మా బిందెలోంచి ముంచి పోయడం మొదలుపెట్టారు.

గుటక. గుటక. గుటక.

పెద్దగా, స్పష్టంగా, ఎండన పడి వచ్చిన మనిషి చెంబెత్తి తాగినట్టే. ఈ చప్పుడు చిన్నప్పుడు విన్నదే, అప్పుడు నవ్వొచ్చేది. ఈసారి నాన్న గొంతు వైపు చూశాను. స్వామి గుటక వేసినప్పుడల్లా ఆయన కంఠం కూడా పైకీ కిందకీ కదులుతోంది, తనే తాగుతున్నట్టు. ఇంతలో చప్పుడు ఆగిపోయింది. సగం అయింది. ఎంత బిందె తెచ్చినా సగమే, మిగతా సగం మనకి వదిలేస్తాడు. కొండలో గంధకం ఉందనీ అదనీ తమ్ముడు ఏదో గొణిగాడు. అమ్మ చూసిన చూపుకి మళ్ళీ మాట్లాడలేదు. "కదలండమ్మా" అని వెనక నుంచి ఎవరో తోసేసరికి బయటపడ్డాం. మొత్తం కలిపి అర నిమిషం ఉంటుందేమో.

ప్రసాదం గ్లాసులో పోసుకుని నాన్నని అరుగు మీద కూర్చోబెట్టాం. అప్పుడు గుర్తొచ్చింది, చెంచా కారులో ఉండిపోయింది. గ్లాసు ఎత్తి పోయడానికి నాకు ధైర్యం చాలలేదు. పక్కన నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ అరటిపండు ఒలుచుకుంటోంది.

"మింగుడు పడదా అమ్మా అయ్యగారికి?"

"పక్షవాతం వచ్చి తగ్గిందండీ. చెంచా మర్చిపోయా."

ఆవిడ చేతిసంచిలో చెయ్యి పెట్టి పూజ సామాన్ల మధ్య నుంచి రాగి ఉద్ధరిణి తీసింది. నా దగ్గరున్న నీళ్ళతో కడిగి, పైట చెంగుతో తుడిచి ఇచ్చింది. "మా ఇంటాయనకీ ఇలాగే పట్టేదాన్ని. తొందరపడకు, ఒకటి దిగాకే ఇంకోటి," అని నాన్న తల వెనక తన అరచెయ్యి ఆనించి, గడ్డం తనే కిందికి వంచింది. ఆసుపత్రిలో మాకు బొమ్మలు గీసి నేర్పిన పని!

ఒక ఉద్ధరిణి. ఆగాం. కంఠం కదిలింది. దగ్గు రాలేదు. ఇంకొకటి. అమ్మ రెండు చేతులూ జోడించి గుడి వైపు కాక నాన్న గొంతు వైపు చూస్తోంది. అలా పన్నెండు పట్టాను. అన్నీ దిగాయి.

ఉద్ధరిణి తిరిగిస్తే సంచిలో వేసుకుని, ఆవిడ వరసలో అడ్డంగా దూరుతున్న కుర్రాణ్ణి కేకలేయడానికి లేచి వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

దిగేటప్పుడు నేనూ కారే ఎక్కాను. మొక్కు ఎక్కడానికే కదా. ఊరు దాటాక నాన్న ఏదో అన్నాడు. ఇప్పటికీ మాట ముద్దగానే వస్తుంది. తమ్ముడు కారు పక్కకి ఆపాడు. అమ్మ వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"ఏమంటున్నారే?" అన్నాను.

"బెల్లం తక్కువైందంట."