ముక్కలు వద్దు, పులుసు చాలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున్నే మటన్ కొట్టుకు వెళ్లాను. ఉగాది తర్వాత మళ్లీ ఇవాళే. తెనాలి దగ్గర ఊరి నుంచి అక్కా బావగారూ వస్తున్నారు. ఆదివారం పూట బావగారికి వేటమాంసం లేకుండా భోజనం పెడితే అక్క ముందు నా పరువు ఉండదు. తినేది నేను కాదు, తెచ్చేదే కదా అని సర్ది చెప్పుకుని బండి తీశాను.

కొట్టతను నన్ను చూసి కత్తి ఆపాడు. "ఏంటి సార్, శ్రావణం కూడా వెళ్లిపోయింది, ఇంకా కనబడటం లేదేంటి?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. గొంతు తగ్గించి "షుగరా?" అన్నాడు. మాంసం మానేసిన మనిషికి బెజవాడలో రెండే కారణాలు, దేవుడో డాక్టరో. వెనక ఇరవై మంది నిలబడి ఉండగా, నెమరువేసే జంతువుల తేన్పుల్లో మీథేన్ ఉంటుందనీ, అది భూమిని వేడెక్కిస్తుందనీ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "కొంచెం షుగరేలే" అనేశాను. పాపం, జాలిపడి రెండు కార్జం ముక్కలు ఎక్కువ వేశాడు.

ఇదంతా మార్చిలో చదివిన ఒక అధ్యయనంతో మొదలైంది. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పూర్, నెమెచెక్ అనే ఇద్దరు 119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల లెక్కలు పోగుచేసి, ఏ తిండి వెనక ఎంత కాలుష్యం ఉందో తేల్చారు. ఆ లెక్కల్లో కిలో వేటమాంసానికి ప్రపంచ సగటున 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వాయువులు. కోడికి పది దగ్గర, ఎందుకంటే కోడి నెమరు వేయదు. పప్పులకు ఒకటి, రెండు. వారానికి అరకిలో వేటమాంసం తెచ్చే ఇల్లు మాది. ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, మర్నాటి నుంచి మానేశాను.

చెడ్డ అలవాటు మానడం కంటే మంచి పేరు మోయడం కష్టమని తర్వాత తెలిసింది. పై ఫ్లాటు ఆవిడ లిఫ్టులో "సాత్వికాహారంలోకి వచ్చారటగా, చాలా మంచి పని" అన్నారు. నాకు ఒళ్లు చిమచిమలాడింది. నేను మానింది పొట్టేలు తేన్పుల వల్ల. ఆవిడ మెచ్చుకున్నది ఇంకేదో శుద్ధిని. తినే తిండిని బట్టి మనుషుల్ని గడప బయట నిలబెట్టిన దేశంలో, అద్దెకివ్వకముందే "నాన్‌వెజ్ తింటారా" అని అడిగే ఊళ్లో, ఆ మెప్పు నాకు అక్కర్లేదు. కానీ లిఫ్టులో రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు వెళ్లేలోపు ఇదంతా ఎలా చెప్తాం.

ఇంకో తమాషా పనీరు. నాకోసమని మా ఆవిడ ఆదివారాలు పనీరు కూర మొదలుపెట్టింది. పిల్లలకు కోడికూర, నాకు పనీరు. మూడు నెలల తర్వాత గాని షీట్‌లో పనీరు గడి నింపాలని తోచలేదు. కిలో పనీరుకు ఐదారు లీటర్ల పాలు కావాలి. లీటరు పాలకు మూడు కిలోల లెక్కన వేసుకుంటే పదిహేను దాటిపోయింది. అంటే పిల్లల పళ్లెంలో కోడి కంటే నా పళ్లెంలో పనీరే బరువు. గేదె కూడా నెమరు వేస్తుందన్న సంగతి నాకు గుర్తుండాల్సింది. ఆ విషయం చెప్తే ఆవిడ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరక్కుండానే "మీకు తగ్గింది తినడం, నాకు పెరిగింది వండటం" అంది. షీట్‌లో రెండో పొయ్యికి గడి లేదు.

అక్కావాళ్లు పదకొండింటికి దిగారు. సంచీలో ములక్కాడలు, ఒక కంద, మజ్జిగ మిరపకాయలు. బావగారికి రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. అంతా వరే, బీపీటీ. 1986లో బాపట్లలో పుట్టిన ఆ సాంబమసూరినే మేమూ కొనుక్కు తింటాం.

భోజనాల దగ్గర అనుకున్నంతా జరిగింది. నా పళ్లెంలో దొండకాయ వేపుడు చూసి అక్క కళ్లు పెద్దవి చేసింది. "ఒరేయ్, నీకేమైందిరా?" ఈసారి దాచకుండా చెప్పాను. వాతావరణం, మీథేన్, 40 కిలోలు. అక్క మొత్తం విని, "సరేలే, ముక్కలు వద్దు, పులుసు వేసుకో" అని గరిటెతో నా అన్నం మీద గుమ్మరించింది. తెలుగిళ్లలో ఇంతకుమించిన రాజీ సూత్రం లేదు. గసగసాలూ కొబ్బరీ నూరి, కారం కాస్త ఎక్కువ తగిలించి, పైన నూనె తేలుతున్న ఎర్రటి పులుసు. అన్నంలో మధ్యకు ఒక గుంట చేసుకుని ఇంకేదో ఆలోచించేలోపు కలిపేశాను. ఆరు నెలల తర్వాత. కళ్లమ్మట నీళ్లు వచ్చాయి, కారం వల్లే అనుకోండి. రెండోసారి నేనే అడిగాను.

ముక్క లేని పులుసుకు ఎన్ని కిలోలు వేసుకోవాలో ఆ పరిశోధకులు రాయలేదు.

బావగారు నవ్వలేదు. తీరిగ్గా ఎముక పీల్చి పక్కన పెట్టి, "గొర్రె సంగతి సరే బావా. వేసవిలో పల్నాడు వైపు నుంచి వచ్చిన మందను మా చేలో కట్టించాం. డబ్బులిచ్చి మరీ. ఆ ఎరువు మీ షీట్‌లో ఎటు వేశావు?" అన్నారు. ఎటూ వేయలేదు. గట్ల మీదా కోసిన చేలలోనూ గడ్డి తిని తిరిగే మా గొర్రెకూ, ఎక్కడో పెద్ద ఫారాల్లో పెరిగే గొర్రెకూ కలిపి తీసిన సగటు ఆ 40. అయినా కడుపులో మీథేన్ పుట్టడం మాత్రం రెండింటికీ ఒకటే అన్నాను. ఒప్పుకున్నారు.

అప్పుడు నేను అన్నం సంగతి ఎత్తాను. నిజానికి ఈ నెల రోజులుగా నన్ను తొలుస్తున్నది అదే. వారానికి అరకిలో చొప్పున ఏడాదికి మేం తినే వేటమాంసం 26 కిలోలు. నెలకు కొనే బియ్యం మూట కూడా 26 కిలోలే. (2022 జులైలో ముందే ప్యాక్ చేసిన బియ్యానికి 25 కిలోల దాకా జీఎస్టీ వేస్తే, ఆ తర్వాత మూటలు 26 కిలోలయ్యాయి. ఈ తెలివి మనకే చెల్లింది.) మాంసం 26 కిలోలకు 1,040 కిలోల వాయువులు. బియ్యం కిలోకు నాలుగు లెక్కన వేసుకున్నా ఏడాదికి 312 కిలోలకు 1,248. ఆర్భాటంగా మానేసింది చిన్న అంకె, మూడు పూటలా తింటున్నది పెద్ద అంకె. అన్నం మానేశానని చెబితే మాత్రం ఏ లిఫ్టులోనూ ఎవరూ మెచ్చుకోరు.

కారణం కూడా మీథేనే. మడిలో నీళ్లు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు కుళ్లిన ఎరువునూ మోళ్లనూ తిని మీథేన్ వదులుతాయి. అది వరి కాడల లోపలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. నీళ్లు ఎప్పుడూ నిలగట్టకుండా మధ్యమధ్యలో ఆరబెడితే దాదాపు సగం తగ్గుతుంది. చిల్లులున్న గొట్టం ఒకటి మడిలో పాతి, నీటి మట్టం అరడుగు లోపలికి దిగాక మళ్లీ పెడితే చాలు, దిగుబడికి ఢోకా లేదంటారు. ఇదంతా నేను బావగారికి చెప్పాను. ముప్పై ఏళ్లుగా వరి పండిస్తున్న మనిషికి, ఏసీ గదిలో కూర్చుని.

వాకిట్లో కుర్చీ వేసుకుని వక్కపొడి నోట్లో వేసుకున్నాక జవాబిచ్చారు.

"గొట్టం పాతొచ్చు బావా, పెద్ద పనేం కాదు. నీళ్లు నా మాట వినాలిగా. మా దగ్గర బోదె నుంచి నేరుగా ప్రతి చేనుకీ నీళ్లు రావు. ఎగువ చేనులోంచి నా చేనులోకి, నా చేనులోంచి దిగువకి. ఆయన గండి తీసిన రోజు నేను ఆరబెడతానంటే ఎట్లా? నేను గట్టు కట్టేస్తే కిందివాడికి ఎండిపోతుంది. పైగా వంతులు. ఈ వంతు వదులుకుంటే వచ్చే వంతుకు కాలువ వస్తుందని రాసిచ్చేవాడెవడు? వచ్చిననాడు నింపుకోవడమే."

"బోర్లున్న చోట..."

"బోరున్నవాడి ఇష్టం వేరు. కాలువ కింద ఒక్కడి ఇష్టం ఉండదు. నీళ్లు తీసేస్తే ఊద, తుంగ లేస్తాయి, కలుపు కూలి ఎవరిస్తారు? నాలుగెకరాల కౌలు బస్తాల్లో కొలవాలి. తేడా వస్తే నా ఇంట్లోంచి కొలవాలి."

మరి వేరే పంట వేయొచ్చుగా అని నోటిదాకా వచ్చింది. ఆయనే అందుకున్నారు. "మీరు తినేది మేం వేస్తామనుకుంటారు. నీళ్లు ఏది ఉంచితే అది వేస్తాం. ఆగస్టులో మా నల్లరేగడిలో మోకాటి లోతు బురద. కొర్రలు చల్లితే కుళ్లిపోతాయి. అది దిగాక మినుము వేస్తాం, నువ్వు తినే ఇడ్లీ అక్కడి నుంచే."

కృష్ణ మీద 1855లో ఆనకట్ట కట్టినప్పుడు మొదలైన నీళ్లు అవి. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆఫీసుకు వెళ్తూ రోజూ దాని మీదుగానే పోతాను, కింద కాలువ తలుపులు చూస్తూ. మా అమ్మమ్మది పల్నాడు. ఆవిడ 'వరన్నం' అనే మాట అనేది. పండక్కి వరన్నం వండారు, పెళ్లిలో వరన్నం పెట్టారు అని. జొన్నన్నం, కొర్రన్నం ఉన్నాయి కాబట్టి ఇది వరన్నం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ మాట ఆవిడ నోట్లోంచి కూడా మెల్లగా జారిపోయి, వట్టి అన్నమే మిగిలింది. పేదవాడు వరన్నం తినగలిగిన రోజది, ఆ రోజును నేనెలా తప్పుపడతాను? ఈ ఏడు కొర్రన్నం నేనూ పది రోజులు తిన్నాను. సూపర్‌మార్కెట్‌లో కొర్రలు సాంబమసూరి కంటే ప్రియం. అమ్మమ్మ వింటే నవ్వి చచ్చేది.

కార్బన్ పాదముద్రను ఎవరికి వారు కొలుచుకోండని 2000ల తొలి ఏళ్లలో ఊదరగొట్టింది బీపీ అనే చమురు కంపెనీ అని ఆఫీసులో ఒకాయన ఎప్పుడూ దెప్పుతుంటాడు. నిజమే. అలాగని నా పళ్లెం సంగతి ఆ కంపెనీ మీదకు నెట్టేసి హాయిగా తినెయ్యనూ లేను. బావగారి చేను లాంటిదే ఇదీ. పై నుంచి వచ్చేది నా చేతిలో లేదు. కింద ఒకడున్నాడు.

అయిదింటికి వాళ్లు బస్సెక్కారు. వెళ్లేముందు అక్క "ఆ పులుసు రేపటికి ఇంకా రుచి" అని మా ఆవిడకు చెప్పి మరీ వెళ్లింది.

ఇప్పుడు వంటింట్లో కాటా మీద మిగిలిన అన్నం తూచాను, తొమ్మిది వందల గ్రాములు. చుట్టాలొస్తున్నారని ఎసట్లో నేనే ఒక డబ్బా ఎక్కువ పోయించాను. ప్రపంచం మొత్తం మీద 2022లో 105 కోట్ల టన్నుల తిండి పారేశారని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో అరవై శాతం హోటళ్లలోనో పెళ్లిళ్లలోనో కాదు, ఇళ్లలోనే. మా ఆవిడకు ఈ అంకెలేమీ అక్కర్లేదు. గోరువెచ్చని పాలు పోసి, పెరుగు చుక్క వేసి, ఉల్లిపాయ చక్రాలూ రెండు పచ్చిమిరపకాయలూ పడేసి మూత పెట్టేసింది. రేపు పొద్దున చద్దన్నం.

షీట్ తెరిచి ఇవాళ్టి తేదీ వేశాను. వేటమాంసం కిలోన్నర, ఎవరి ఖాతా? తెచ్చింది నేను, తిన్నది వాళ్లు. పులుసు రెండు గరిటెలు. కాదు, నాలుగు. ఆ గడి అలాగే ఖాళీగా ఉంది.

వంటింట్లోంచి కేక. "ఏమండీ, పులుసు ఇంకా గిన్నెడు ఉంది. చద్దన్నంలోకి ఉంచనా, పారబోయనా?"

ఉంచమన్నాను.