యాభై నిమిషాల మోటారు

పదకొండు దాటింది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండడానికి ఇవాళ యాభై నిమిషాలు పట్టింది. ముప్ఫైకల్లా నిండాల్సింది. ఆ ఇరవై నిమిషాలే నిద్ర పట్టనివ్వడం లేదు.

అనుమానం ఫుట్‌వాల్వ్ మీదే, అంటే నేల కింది సంపులో మునిగి ఉండే మోటారు పైపు కొసన బిగించే వాల్వ్. సంపు అడుగున చేరిన ఒండ్రు దాని జల్లెడకు పట్టేస్తే మోటారు లాగే నీళ్ళు తగ్గిపోతాయి. లోపలి వాషరు అరిగితే గొడవ వేరు: మోటారు ఆపగానే పైపులో నీళ్ళు సంపులోకి జారిపోతాయి, మళ్ళీ వేసేముందు బిరడా విప్పి చెంబుతో నీళ్ళు పోయాలి. మనకు పోయకుండానే అందుకుంటోంది కాబట్టి వాషరు బాగున్నట్టే. సంపుకూ మోటారుకూ మధ్య జాయింటు గాలి లాగుతున్నా ఇలాగే అవుతుంది, కానీ అప్పుడు ట్యాంకులో ధార బుడగలతో, తుంపులు తుంపులుగా పడుతుంది. ఆ జాయింటుకు సబ్బు నురగ రాస్తే లోపలికి లాక్కుంటుంది కూడా. మేడెక్కి చూశాను, ధార సన్నగా ఉంది గానీ తెగడం లేదు. జల్లెడే. రేపు తీసి బ్రష్షుతో కడిగి, ఈసారి నేలకు అర అడుగు పైకి ఉండేలా బిగించాలి.

ఆ ఒండ్రు ఊరికే రాదు. నల్లా రోజు విడిచి రోజు. మధ్యలో పైపు ఖాళీ అవుతుంది, మళ్ళీ నీళ్ళు వదలగానే పైపులో పేరుకున్న తుప్పు, మట్టి కొట్టుకొస్తాయి. మొదటి పది నిమిషాల నీళ్ళు సంపులోకి వదలకుండా బకెట్లలో పట్టి వాకిలికీ మొక్కలకూ పోయాలని ఎన్నిసార్లు చెప్పానో! ఆ ముందొచ్చే గాలికి నీళ్ళ మీటరు గిర్రున తిరుగుతుంది, అది ఇంకో బాధ.

దీనికి తోడు వీధి చివరింటివాళ్ళు నల్లా పైపుకే మోటారు తగిలించారు. పొద్దున నల్లా వదిలిన పావుగంటకే మన ధార చిటికెన వేలంత అయింది. అలా లాగితే పైపులో ప్రెజర్ బయటి గాలికంటే తగ్గిపోతుంది. పక్కన డ్రైనేజీ ఉన్న ఏ కారే జాయింటు నుంచైనా మురుగు లోపలికొస్తుంది. ముందు తాగేది లాగినవాళ్ళే, తరువాత వీధంతా. పొద్దున వెళ్ళి గట్టిగా అడుగుదామనుకున్నాను.

సాయంత్రం నుంచి మాత్రం పాత వీధి నల్లా గుంతలు గుర్తొస్తున్నాయి. అరుగు పక్క నల్లాకు నీళ్ళు ఎక్కకపోతే అడుగు లోతు తవ్వి పైపు కిందికి దించేవాళ్ళు. నీళ్ళు పల్లానికే పోతాయి కదా, దాంతో పక్కింటి నల్లా ఎండిపోయేది. వాళ్ళు రెండడుగులు తవ్వేవాళ్ళు. ఎదురింటివాళ్ళదైతే మెట్లు కట్టుకుని దిగేంత గుంత. బిందె ఒరిపిడికి గోడలు నున్నగా అయ్యేవి, అడుగున ఎప్పుడూ చీలమండలోతు మురికి నీళ్ళు, నాచు. నల్లా కట్టేయగానే ఖాళీ అవుతున్న పైపు ఆ గుంతలో మునిగిన మూతి నుంచి ఆ నీళ్ళే వెనక్కి పీల్చేది. మర్నాటి మొదటి బిందె వాసన కొట్టేది, అమ్మ విసిరేసినట్టు పారబోసేది. ఎవరి గుంత వాళ్ళకు న్యాయమే.

ఆలోచిస్తే మన సంపూ అలాంటి గుంతే, సిమెంటు చేసి మూత వేశాం, అంతే. అంత లోతున తవ్వాం కాబట్టి మనకు దానంతటదే పడుతోంది. చివరింటికి సంపు తవ్వే జాగా లేదు. అడగడం కాదు, దారి చెప్పాలి: రెండు వందల లీటర్ల డ్రమ్మును నేల మట్టానికి పాతి, నిండగానే నీళ్ళు ఆపే బాల్‌వాల్వ్ పెట్టి, నల్లా నీళ్ళు దాంట్లో పడనిచ్చి, మోటారు ఆ డ్రమ్ము నుంచి తిప్పుకోవాలి. నీళ్ళు నెమ్మదిగానే పడతాయి, కానీ పైపును పీల్చదు.

కోపం ఇంట్లోకి తిరిగింది. మనది అర హెచ్‌పీ, గంటకు సుమారు 0.6 యూనిట్. ఇరవై నిమిషాలు ఎక్కువ తిరిగితే 0.2, నెలకు పదిహేను సార్లకు మూడు యూనిట్లు. మరి ట్యాంకు నిండి పైపులోంచి కింద పడే చప్పుడు వినిపిస్తే గానీ మోటారు ఆపని అలవాటో? అలా పది నిమిషాలు పొర్లితే బాగున్న మోటారు 330 లీటర్లు పారబోస్తుంది, నెలకు దాదాపు అయిదు వేలు. మన కృష్ణా నీళ్ళు నాగార్జున సాగర్ నుంచి వస్తాయి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి లీటర్లు అంత ఎత్తుకు ఎక్కించాలంటే లెక్కకే దాదాపు ఒక యూనిట్, పంపు నష్టాలూ పైపు రాపిడీ కలిస్తే ఇంకా ఎక్కువ. కాలవలోకి పోయేది నెలకు అయిదు యూనిట్ల పైమాటే. ఫుట్‌వాల్వ్‌ను తిడుతూ కూర్చున్నాను!

అంత ఎత్తుకు తెచ్చిన నీళ్ళ ప్రెజర్ సంపులో పడగానే సున్నా, మళ్ళీ మనం పైకి తోడుకోవడం. సంపుకు ముందే వాకిట్లో ఒక నల్లా పెడితే, నీళ్ళు వచ్చే గంటలో తాగునీళ్ళు, అంట్లు, బట్టలు అక్కడే కానిచ్చేయొచ్చు. వాటికి మోటారే అక్కర్లేదు.

రేపు పనివాణ్ణి పిలిచి పై ట్యాంకులో, నిండగానే మోటారు ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించాలి. సంపులోనూ ఇంకొకటి, నీళ్ళు అడుగంటితే మోటారు ఖాళీగా తిరిగి సీలు కాలిపోకుండా. నల్లా వచ్చేది ఎల్లుండి. జల్లెడ కడగడానికి రేపొక్క రోజే ఉంది.