కెజిక్‌కి మళ్లీ వెళ్తున్నారా? ఈసారి కారు తాళాలు బల్ల మీద పెట్టేయండి

ఇంగ్లండు వాయవ్యాన కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు మనవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. తెల్లవారుజామున బయల్దేరి, బౌనెస్ ఊళ్లో పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టి, విండర్‌మియర్ సరస్సులో పడవెక్కి, తెచ్చుకున్న పులిహోర తినేసి, మర్నాడు దారిలో కనబడ్డ సరస్సులన్నిటి దగ్గరా అయిదేసి నిమిషాలు ఆగుతారు. ఆ తిరుగుడులో ఎక్కువమంది మనసు పడేది ఉత్తరాన ఉన్న కెజిక్ ఊరి మీద, దాన్ని ఆనుకున్న డెర్వెంట్‌వాటర్ సరస్సు మీద. మళ్లీ వెళ్లాలనిపించేదీ అక్కడికే. ఆ రెండోసారి వెళ్లేవాళ్ల కోసమే ఇది.

నా మాటల్లా ఒకటే: ఎక్కువ చోట్లు చూడాలనుకోకండి. కెజిక్, దాని దక్షిణాన బారోడేల్ లోయ, ఈ రెండే చాలు. వాటిని కారులో కాకుండా పడవలో, బస్సులో, కాలినడకన చూడండి. కారుతో చిక్కేమిటంటే, ఎక్కడ ఆపితే అక్కడికే తిరిగి రావాలి. ఎక్కిన దారినే దిగాలి. పడవుంటే ఒక రేవులో దిగి కొండెక్కి, అవతల దిగి ఇంకో రేవులో ఎక్కేయొచ్చు.

డెర్వెంట్‌వాటర్ సుమారు మూడు మైళ్ల పొడవు, మైలు వెడల్పు. కెజిక్ లాంచ్ పడవలు దాని చుట్టూ రెండు దిక్కులా తిరుగుతాయి, పూర్తి చుట్టుకి 50 నిమిషాలు. రేవులు వరసగా: కెజిక్, ఆష్‌నెస్ గేట్, లోడోర్, హై బ్రాండెల్‌హౌ, లో బ్రాండెల్‌హౌ, హాస్ ఎండ్, నికల్ ఎండ్. ఈ వరస గడియారం ముల్లు తిరిగే దిక్కు. క్యాట్‌బెల్స్ కొండకి వెళ్లాలంటే హాస్ ఎండ్‌లో దిగాలి కాబట్టి, కెజిక్‌లో ఎదురు దిక్కు పడవ ఎక్కండి. పావుగంటలోపే దింపేస్తుంది. తెలియక రెండో దిక్కు పడవ ఎక్కితే సరస్సంతా చుట్టి, చివరాఖరికి అక్కడికి చేరతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ, అప్పటికి కొండ మీద జనం చేరిపోతారు.

క్యాట్‌బెల్స్ ఎత్తు 451 మీటర్లే. అందుకే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. రేవు నుంచి చెట్ల మధ్యగా రోడ్డు దాకా వెళ్లాక, మలుపులు తిరుగుతూ కొండ వెన్ను మీదికి దారి ఎక్కుతుంది. తర్వాత మొదటి రాతిమెట్టు వస్తుంది. మామూలు జనానికి కొండసెలవులు అందేలా పాటుపడ్డ టి.ఎ. లియొనార్డ్ పేరిట ఒక పలక అక్కడ రాయిలోనే బిగించి ఉంటుంది. ఆ పలక దగ్గర చేతులు వాడక తప్పదు. ఏళ్ల తరబడి లక్షల బూట్లు రుద్దీ రుద్దీ ఆ రాయి గచ్చులా నున్నగా అయిపోయింది. పొడిగా ఉంటే పిల్లలు కూడా నవ్వుతూ ఎక్కేస్తారు, తడిస్తే పెద్దవాళ్లకే కాలు నిలవదు. శిఖరానికి కాస్త కింద ఇలాంటిదే ఇంకొకటి ఉంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఎక్కడంలో కాదు, దిగడంలో. కారు ఇవతల ఉంది కదా అని వచ్చిన దారినే వెనక్కి దిగుతారు. కాలు ఎక్కడ పెట్టాలో పైనుంచి కనబడదు. ఎక్కేటప్పుడు పట్టు దొరికిన రాయి దిగేటప్పుడు జారుడుబల్ల అవుతుంది. అందుకే శిఖరం దాటి దక్షిణంగా ముందుకి వెళ్లి, హాస్ గేట్ అనే పల్లం దగ్గర ఎడమకి తిరగండి. (హాస్ ఎండ్ సరస్సు ఒడ్డున, హాస్ గేట్ కొండ మీద. ఇంగ్లిషులో ఒక్క అక్షరమే తేడా, మ్యాపులో కలిపేసుకోకండి.) అక్కణ్ణుంచి మానెస్టీ వైపు పేర్చిన రాతిమెట్లు ఉన్నాయి. మోకాళ్లకి పని పడుతుంది కానీ ప్రమాదం తక్కువ. కింద అడవిదారిన హై బ్రాండెల్‌హౌ రేవు చేరతారు. పిల్లలతో అయితే మొత్తానికి మూడున్నర గంటలు చేతిలో ఉంచుకోండి. ఆ అడవి మామూలుది కాదు. లేక్ డిస్ట్రిక్ట్‌లో నేషనల్ ట్రస్ట్ (ప్రకృతినీ పాత కట్టడాలనీ కాపాడే సంస్థ) మొట్టమొదట, 1902లో, కొన్న నేల అదే.

వెళ్లేటప్పుడే ఆఖరి పడవ టైము ఫొటో తీసి పెట్టుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది, అది చూసి మోసపోతారు. పడవలు మాత్రం సాయంత్రానికే ఆగిపోతాయి. చలికాలంలో వాటి సంఖ్యా తగ్గుతుంది. తప్పిపోతే భయమేం లేదు, పడమటి ఒడ్డునే పోర్టిన్‌స్కేల్ మీదుగా నాలుగైదు మైళ్లు నడిస్తే కెజిక్. అలసిపోయిన ఆరేళ్ల పిల్ల చంకెక్కితే అవే నాలుగైదు మైళ్లు పది అవుతాయి.

ఇక వాన. ఇది ముందే ఒప్పుకుని వెళ్లాల్సిన సంగతి. లోయ చివర ఉన్న సీత్‌వైట్‌లో ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్లు పడుతుంది. ఇంగ్లండులో జనం ఉంటున్న చోట్లలో ఇంత వాన పడేవి అరుదు. హైదరాబాదులో పడేది 800 చిల్లర. అట్లాంటిక్ మీంచి వచ్చే తడిగాలి స్కాఫెల్ కొండలకి కొట్టుకుని పైకి లేచి, చల్లబడి, ఉన్నదంతా అక్కడే కుమ్మరిస్తుంది. పది మైళ్లు కూడా లేని కెజిక్‌కి వచ్చేసరికి అందులో సగం కూడా మిగలదు. ఈ లెక్క మీ ప్లానుకి పనికొస్తుంది. లోయ పైభాగం నల్లగా కనిపిస్తే ఉత్తరానికి జరగండి. కెజిక్ నుంచి త్రెల్‌కెల్డ్ దాకా పాత రైలుకట్ట మీద చదునైన బాట ఉంది, తోపుడుబండిలో పసిపిల్లల్ని తీసుకెళ్లొచ్చు. 2015 డిసెంబరు వరదల్లో ఆ బాట మీది వంతెనలు కొట్టుకుపోతే, 2020లో మళ్లీ తెరిచారు. ఆ తుపానులోనే హోనిస్టర్ కనుమలో 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్ల వాన పడింది, బ్రిటన్‌లో అది రికార్డు.

రాత్రంతా కురిసి పొద్దున తెరిపిచ్చిందా, వెంటనే లోడోర్ జలపాతానికి వెళ్లండి. ఎండలు కాసిన వారంలో అక్కడ రాళ్లు తప్ప ఏమీ ఉండవు, వాన పడ్డ మర్నాడే దాని వైభవం. అదే రోజు లోయ మొదట్లో, సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న చెక్కబాట మీదికి మాత్రం వెళ్లకండి. సరస్సు నిండితే అది మునుగుతుంది.

ఆకాశం బాగున్న రోజుకి ఇంకో నడక. కెజిక్‌లో 78 నంబరు బస్సెక్కి రాస్‌త్వైట్‌లో దిగి, నది వెంట క్యాసిల్ క్రాగ్ మీదికి వెళ్లి, గ్రేంజ్ ఊళ్లో తేలండి. 290 మీటర్ల గుట్టే, కానీ పైకి వెళ్లే మలుపుల దారి పాత పలకరాతి క్వారీ గుట్టల మీదుగా ఉంటుంది, కాళ్లకింద పెంకులు జారతాయి. ఆ గుట్ట పక్క గుహలోనే మిలికన్ డాల్టన్ అనే ఆయన వేసవులు గడిపేవాడు. లండన్‌లో బీమా గుమస్తా ఉద్యోగం మానేసి, జనాన్ని కొండలెక్కిస్తూ బతికాడు. సోమవారం పొద్దున స్టాండప్ మీటింగు తలుచుకునే వాళ్లకి ఆయన మీద కాస్త అసూయ కలిగితే నా తప్పు కాదు.

బట్టల గురించి రెండు ముక్కలు. జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి రోజంతా ఆరవు. కోటు మీద షవర్‌ప్రూఫ్ అని ఉంటే అది బస్టాపు వరకే, కుట్లకి లోపల టేపు అంటించిన వాటర్‌ప్రూఫ్ కావాలి. గొడుగు కొండగాలికి తిరగబడుతుంది. వేసవిలో నడుమెత్తు పెరిగే బ్రాకెన్ పొదల్లో పేలలాంటి టిక్ పురుగులు ఉంటాయి. సాయంత్రం మోకాళ్ల వెనక, నడుం దగ్గర చూసుకోండి. అంటుకుంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, నూనె రాయడం, కాల్చడం పనికిరాదు. తర్వాతి వారాల్లో చుట్టూ ఎర్రటి మచ్చ పాకితే డాక్టరుకి చూపించాలి. లోయలో ఫోను సిగ్నల్ నమ్మకం లేదు కాబట్టి ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే, ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వారి ఓఎల్4 మ్యాపు కాగితం మీదే ఉంచుకోండి. ఆపద వస్తే 999కి చేసి ముందు పోలీసు, ఆపైన మౌంటెన్ రెస్క్యూ అనాలి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే, పడవలో పూర్తి చుట్టు, రేవు నుంచి పది నిమిషాల చదును నడకలో సరస్సులోకి చొచ్చుకొచ్చిన ఫ్రయర్స్ క్రాగ్ అనే రాతికొన. ఒక్క రోజు మాత్రం కారు తీసి, లాట్రిగ్ గుట్ట వెనక గేల్ రోడ్ చివరి పార్కింగ్ దాకా ఎక్కండి. అక్కణ్ణుంచి చక్రాల కుర్చీ కూడా పోయేలా వాలు తగ్గించి వేసిన బాట ఉంది. సరస్సూ ఊరూ మొత్తం కాళ్ల కింద కనబడతాయి. పొద్దున తొమ్మిదింటికల్లా చేరితే చోటు దొరుకుతుంది.

కాటేజీ వంటింటి సంగతి ఎవరూ రాయరు, అసలు గొడవంతా అక్కడే. వంటగదిలో ఎక్కువగా వేడికి మోగే అలారం ఉంటుంది, హాల్లో పొగకి మోగేది. రెండూ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. పోపులో ఎండుమిర్చి మాడిన ఘాటు తెరిచిన తలుపులోంచి హాల్లోకి పోతే ఇల్లంతా ఒక్కసారిగా మోగుతుంది. కాబట్టి నూనె పెట్టకముందే ఫ్యాను వేసి, కిటికీ తీసి, హాలు వైపు తలుపు మూయండి. ఆవాలు చిటపటలాడాక పొయ్యి కట్టేసి ఆ వేడికే మిర్చి, ఇంగువ, కరివేపాకు వేయండి. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టే తెలివి మాత్రం వద్దు. పొయ్యి ఇండక్షనో కాదో ముందే అడగండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగున అయస్కాంతం అంటితేనే తీసుకెళ్లండి. ఇక్కడి నీళ్లలో సున్నం చాలా తక్కువ, లండన్ నీళ్లలో మొండికేసే కందిపప్పు ఇక్కడ తొందరగా మెత్తబడుతుంది. ఒక విజిల్ తగ్గించండి. బియ్యం, చింతపండు, కరివేపాకు ఇంటి నుంచే తెచ్చుకోండి.

రైల్లో అయితే లండన్ యూస్టన్ నుంచి పెన్‌రిత్‌కి మూడు గంటల పైచిలుకు. కెజిక్ రైలు లైను 1972లోనే మూసేశారు, మిగతా దారికి స్టేషన్ బయటే ఎక్స్4, ఎక్స్5 బస్సులు దొరుకుతాయి. ఆదివారం పట్టాల మరమ్మతులు ఉన్నాయేమో చూసుకుని టిక్కెట్టు కొనండి. బడి సెలవులతో పని లేనివాళ్లు మే మొదటి మూడు వారాల్లో వెళ్లండి. పగలు పొడుగు, వాన కాస్త తక్కువ, టిక్ పురుగులుండే పొదలు ఇంకా పెరగవు. కాటేజీలు సాధారణంగా శుక్రవారమో శనివారమో మొదలై వారానికి ఇస్తారు. ఖాళీ చేయాల్సింది పొద్దున పదింటికి. సామాను సర్దడం ముందు రాత్రే అయిపోతే, ఏ66 రోడ్డు ఎక్కేలోపు క్యాసిల్‌రిగ్ రాతివలయం దగ్గర ఆగడానికి టైముంటుంది. అయిదు వేల ఏళ్ల నాటిది. టిక్కెట్టు లేదు, కారు రోడ్డు పక్కనే ఆపుకోవాలి, గొర్రెలు ఉంటాయి కాబట్టి వెళ్లాక గేటు వేసేయండి.